పెట్టె లెక్క

బేరమాడడం మా అమ్మకు ఒక విద్య. కూరల గంప మా గుమ్మంలో దిగిందంటే చాలు, వంకాయల ధర విని నివ్వెరపోవడం, వద్దులే అంటూ లోపలికి రెండడుగులు వేయడం, ఆ గంపావిడ చేత వెనక్కి పిలిపించుకోవడం, చివరికి కొసరుగా గుప్పెడు కరివేపాకు వేయించుకోవడం, ఇవన్నీ క్రమం తప్పకుండా జరిగేవి. అలాంటి అమ్మ బేరమాడకుండా కొన్న వస్తువు నాకు తెలిసి ఒక్కటే: ఏడాది కారానికి కొనే ఎండుమిరపకాయలు. గుంటూరు జిల్లాలో ఉంటూ మిరపకాయలు బేరమాడని ఇల్లాలు ఉంటుందా అని నాన్న వేళాకోళం చేసేవారు. అమ్మ నవ్వి ఊరుకునేది. అందులో అడగవలసినదేదో ఉందని నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ తోచలేదు.

గత వేసవిలో అమ్మ మా దగ్గరకు, కాలిఫోర్నియాకు వచ్చింది. వచ్చిన వారానికి సూపర్ మార్కెట్‌కు తీసుకెళ్ళాను. అక్కడ రాస్ప్‌బెర్రీల పెట్టె ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ధర అడిగింది. 170 గ్రాములు, 4.99 డాలర్లు. అమ్మ మనసులో గుణించుకున్నంతసేపు నేను మౌనంగా నిలబడ్డాను.

"నాలుగొందల పైమాటే! ఏమే, వీటికి బంగారం పూతేమైనా పూశారా? మన ఊళ్ళో సోలెడు రేగుపళ్ళు పావలాకి వచ్చేవి."

"ఇక్కడ అంతేనమ్మా" అన్నాను. పదిహేనేళ్ళుగా వాటిని కొంటున్నదాన్ని, నా దగ్గర అంతకు మించిన జవాబు లేదు. అమ్మ పెట్టెను జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టేసింది.

ఆ శనివారం అమ్మను వాట్సన్‌విల్ వైపు తీసుకెళ్ళాను. మాంటెరే అఖాతం ఒడ్డున, పహారో లోయలో ఉన్న చిన్న ఊరది. అమెరికాలో పండే స్ట్రాబెర్రీలలో ఇంచుమించు తొంభై శాతం కాలిఫోర్నియావే. అందులో ఈ లోయ వాటా పెద్దది. సముద్రం మీదినుంచి వచ్చే పొగమంచు ఎండను చల్లబరుస్తూ ఉండడం వల్ల ఇక్కడ నెలల తరబడి కాపు ఉంటుంది. అటువంటి నేల సముద్రం పక్కనే తప్ప దొరకదు కనుక కౌలూ ఎక్కువే. పైగా స్ట్రాబెర్రీని ఇక్కడ ఒకసారి నాటి వదిలేయరు. ఏటా మళ్ళీ బోదెలు తోలి, వాటి మీద ప్లాస్టిక్ పరిచి, కొత్త మొక్కలు పెడతారు. రాస్ప్‌బెర్రీలకైతే పైన ప్లాస్టిక్ పందిళ్ళు కూడా.

మనమే కోసుకుని, తూచి డబ్బు కట్టే తోటలు అక్కడ ఉన్నాయి. అమ్మకొక బుట్ట, నాకొక బుట్ట. రాస్ప్‌బెర్రీ కోయడం చూసినంత సులువు కాదని నాకు ఆరోజే తెలిసింది. పండనిదాన్ని లాగితే రాదు. పండినదాన్ని తాకితే టోపీ ఊడినట్టు ఊడి చేతిలోకి వస్తుంది, లోపలి బొడ్డు కొమ్మకే ఉండిపోతుంది. బోలుగా ఉన్న ఆ పండు వేళ్ళ మధ్య ఏమాత్రం ఒత్తుకున్నా చితికిపోతుంది. గంట గడిచేసరికి నా బుట్ట అడుగున పళ్ళ బదులు రసం ఉంది. అమ్మ బుట్టలో ఒక్కటీ నలగలేదు. రెండు చేతులతో, ఆకుల కింద వెతుకుతూ, చూపు ఒకచోట, చేయి మరొకచోట పెట్టి కోస్తోంది. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ వేగం ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

మామిడికాయనైతే కాయగా కోసి గడ్డిలో మాగవేస్తాం. అరటిగెలదీ అదే దారి. ఎంత దూరమైనా పచ్చిగా ప్రయాణం చేసి, చేరిన చోట పండుతాయి. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీలకు ఆ వెసులుబాటు లేదు. కొమ్మ నుంచి విడివడ్డాక వాటికి కొత్తగా తీపి చేరదు. కాబట్టి పండాకనే కోయాలి. పండింది కోసిన క్షణం నుంచీ పాడవడం మొదలుపెడుతుంది. ఒక్క పండుకు బూజు పట్టిందంటే పక్కవాటికి పాకుతుంది. అందుకే పొలంలోనే, కోసిన చేత్తోనే, మనం కొనే పెట్టెలో సర్దేస్తారు. ఆ తరువాత మరొకరు ముట్టుకోరు. వెంటనే శీతల గిడ్డంగికి చేర్చి, పెట్టెల సందుల్లోంచి చల్లగాలిని లాగి, సున్నా డిగ్రీల దగ్గరకు తెస్తారు. అక్కడినుంచి దుకాణం దాకా ఆ చల్లదనం తెగకూడదు. తూర్పు రాష్ట్రాలకు వెళ్ళే స్ట్రాబెర్రీలకైతే ప్లాస్టిక్ తొడుగు వేసి, బూజు పెరగకుండా లోపల కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ఇంతా చేసి, దుకాణంలో అమ్ముడుపోక పారవేసేవాటి వెల కూడా మనం కొనే పెట్టె మీదే పడుతుంది.

అదే పండు గడ్డకట్టించిన సంచిలో ఎందుకు చవక? వాషింగ్టన్ రాష్ట్రంలో గడ్డకట్టించడానికి పండించే రాస్ప్‌బెర్రీలను కొమ్మలను కుదిపే యంత్రాలతో రాలుస్తారు. కాస్త నలిగినా ఫరవాలేదు, వారం ఆలస్యంగా అమ్ముడైనా ఫరవాలేదు. తాజా పండుకు అలా కుదరదు. దాన్ని నలగకుండా కోసే యంత్రం మనిషి వేళ్ళతో ఇంకా పోటీ పడలేకపోతోంది. ధరలో పెద్ద భాగం ఆ వేళ్ళ కోసమేనని దీన్నిబట్టి అనుకుంటాం. ఆ వేళ్ళకు ఎంత ముడుతుందన్నది వేరే ప్రశ్న.

తిరిగి వస్తుంటే దారి పక్కన పెద్ద స్ట్రాబెర్రీ పొలం కనిపించింది. అమ్మ ఆపమంది. ముఖాలకు గుడ్డలు చుట్టుకున్న మనుషులు నడుం వంచి బోదెల వెంట కదులుతున్నారు. ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఓహాకా ప్రాంతం నుంచి వచ్చి, ఇంట్లో స్పానిష్ కాక మిష్టెకో మాట్లాడుకునేవాళ్ళూ ఉంటారు. ట్రేకు ఎనిమిది పెట్టెలు. నిండగానే ఒక అమ్మాయి దాన్ని ఎత్తుకుని గట్టు మీది బండి దాకా పరుగెత్తింది. లెక్క వేయించుకుని, ఖాళీ ట్రేతో మళ్ళీ పరుగెత్తుతూ వెనక్కి వచ్చింది.

"రోజుకూలీయా, పెట్టె లెక్కా?" అంది అమ్మ.

"పెట్టె లెక్క కూడా ఉంటుంది. నీకెలా తెలుసు?"

"రోజుకూలీ అయితే ఎవరే అలా పరుగెత్తేది?"

కాసేపాగి, నావైపు చూడకుండా చెప్పింది. "మీ తాతయ్య పోయిన ఏడు మీ అమ్మమ్మా, నేనూ మిరపకోతకు వెళ్ళాం. నాకు పన్నెండేళ్ళు. మన ఊళ్ళో అయితే నలుగురూ చూస్తారని పక్క ఊరికి, చీకటితో లేచి నడిచి. గంప లెక్క. అమ్మవి మూడు గంపలయ్యేసరికి నాది ఒకటి. రాత్రిళ్ళు చేతులు మండి నిద్ర పట్టేది కాదు, మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేదాన్ని. కళ్ళు తుడుచుకోకుండా ఏడవడం ఆ ఏడే నేర్చుకున్నాను."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. చెప్పడానికి నేనెప్పుడు అడిగాను గనుక?

ఇంటికి వచ్చాక ఆ మనుషుల గురించి చదివాను. 1938లో అమెరికా కనీస వేతన చట్టం చేసినప్పుడు పొలం కూలీలను పక్కన పెట్టారు. రోజుకు ఎనిమిది గంటలు దాటితే అదనపు కూలి అన్న మాట కాలిఫోర్నియా పొలాలన్నిటికీ పూర్తిగా వర్తించడం, 2016లో చేసిన చట్టం ద్వారా, 2025 నాటికి గాని జరగలేదు. 2023 మార్చిలో ఒక రాత్రి పహారో నది గట్టు తెగింది. నీట మునిగిన పహారో ఊరు ఎక్కువగా ఈ కూలీలు ఉండేదే. ఆ గట్టు బలహీనమైనదని దశాబ్దాలుగా అందరికీ తెలుసు.

అమ్మ వెళ్ళిపోయే ముందు మళ్ళీ సూపర్ మార్కెట్‌కు వెళ్ళాం. ఈసారి తానే రాస్ప్‌బెర్రీల పెట్టె తీసి బండిలో పెట్టింది. రూపాయల్లోకి మార్చలేదు. నేను చెల్లించే అయిదు డాలర్లలో ఆ పరుగెత్తిన అమ్మాయికి చేరేది ఎంత తక్కువో నాకు తెలుసు. నేను బేరమాడనంత మాత్రాన ఆమె గంప బరువు తగ్గదనీ తెలుసు. అమ్మకూ తెలిసే ఉంటుంది. అయినా ఏడాది మిరపకాయల ధర ఆమె ఏనాడూ తగ్గించమనలేదు.

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే ఒక మూల పండుకు బూజు పట్టి ఉంది. మొత్తం పారేయబోయాను. అమ్మ నా చేతిలోంచి తీసుకుని, ఆ ఒక్కదాన్నీ, దాన్ని ఆనుకున్న రెంటినీ ఏరేసి, మిగిలినవి కడిగి పళ్ళెంలో పోసి పిల్లల ముందు పెట్టింది.