దొరకలేదు అంటే లేదని కాదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగారు. నాకు కథలు, కవితలు రావు. చదువు మానేద్దామనుకున్న ఒక రాత్రి గురించి రాస్తాను.

పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే తెలుగు మీడియంలో చదివాను. డిగ్రీ తర్వాత 2007లో ఎం.సి.ఎ.లో చేరాను. అప్పటికి మౌస్ పట్టుకున్నది రెండుమూడు సార్లే. గింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసి, లినక్స్‌లోను విండోస్‌లోను నడిపి చూపించాలని నాకు మినీ ప్రాజెక్టు ఇచ్చారు. సోర్స్ కోడ్ అంటే మనిషి రాసిన పాఠం. దాన్ని యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చడమే కంపైల్ చేయడం. గింప్‌ను 1995లో అమెరికాలోని బర్క్‌లీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. పైసా కట్టనక్కర్లేదు.

లినక్స్‌లో మూడు కమాండ్లు కొడితే చాలన్నారు: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మొదటిదానికే ఆగిపోయింది. జీటీకే 'నాట్ ఫౌండ్' అని వచ్చింది. కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ అది. అదే కంప్యూటర్లో జీటీకేతో నడిచే సాఫ్ట్‌వేర్లు హాయిగా నడుస్తున్నాయి మరి! మూడు రోజులు అదే కమాండ్ కొట్టాను. మూడో రాత్రి, ఈ చదువు మనకు రాదు, ఊరెళ్లి నాన్నతో మేస్త్రీ పనికి పోదామని ట్రంకుపెట్టె సర్దుకున్నాను.

ఒక సీనియర్ అన్న చూసి, "ఏమైందిరా?" అన్నాడు.

"ఎర్రర్ వచ్చిందన్నా."

"ఎర్రర్ సరే, అందులో ఏముందో చదివావా?"

నేను చదవలేదు. అన్ని ఇంగ్లీషు లైన్లు చూసి, నువ్వు పనికిరావని అంటోందనుకున్నాను. అన్న పక్కన కూర్చోబెట్టుకుని చదివించాడు. లైబ్రరీ రెండు ప్యాకేజీలుగా వస్తుందట. సాఫ్ట్‌వేర్ నడవడానికి ఒకటి, కొత్తగా కట్టడానికి కావలసిన హెడర్ ఫైళ్లతో 'డెవ్' అని ఇంకొకటి. మా కంప్యూటర్లో మొదటిదే ఉంది. రెండోది వేశాక కాన్ఫిగర్ ముందుకు కదిలింది, ఇంకో లైబ్రరీ అడిగింది. అదీ ఇచ్చాను.

అప్పటినుంచి ఒక లాంగ్ నోటుబుక్ పెట్టాను. ఎడమ పేజీలో ఎర్రర్, కుడి పేజీలో డిక్షనరీ చూసి తెలుగులో అర్థం, చేసిన మందు. మేక్ కొట్టినప్పుడు వంద లైన్ల ఎర్రర్లు వస్తే, మొదటిదే చూడాలని అందులో రాసుకున్నాను. మిగతావి చాలావరకు దాని పిల్లలే.

విండోస్‌లో కథ వేరు. అక్కడ కంపైలరే లేదు. మింగ్‌డబ్ల్యూ, ఎంసిస్ అనేవి వేసుకోవాలి. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉందని ఒకసారి ఆగింది. అంతా అయ్యాక ఇంకో కంప్యూటర్లో పెడితే తెరుచుకోలేదు, పక్కన ఉండాల్సిన డీఎల్ఎల్ ఫైళ్లు తీసుకెళ్లలేదు నేను. రెండు వారాలు పట్టింది. అయినా గింప్ తెరుచుకుంది.

ఉద్యోగంలో చేరాక మాక్ చేతికొచ్చింది. దానికి ముందు ఎక్స్‌కోడ్ పనిముట్లు, తర్వాత హోంబ్రూ కావాలి. ఇంటెల్ చిప్ నుంచి ఆపిల్ సొంత చిప్‌కు మారినప్పుడు హోంబ్రూ లైబ్రరీలను వేరే ఫోల్డర్లో పెట్టసాగింది. మళ్లీ 'నాట్ ఫౌండ్'! ఈసారి నవ్వొచ్చింది. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో కాన్ఫిగర్ పోయి మెసన్ వచ్చింది. అదీ ముందు ఏమేం లేవో వెతికే మొదలుపెడుతుంది.

తమ్ముళ్లూ, మూడు చోట్లా కోడ్ ఒక్కటే. ఆగినచోటల్లా కోడ్‌లో లోపం లేదు, దానికి కావలసింది ఆ చోట అందలేదు, అంతే. పట్నం కాలేజీలో మొదటి రోజు మీకూ అన్నీ 'నాట్ ఫౌండ్' అనే కనిపిస్తాయి. పెట్టె సర్దకండి. ఏం లేదంటోందో చదవండి, పక్కనున్న అన్నను అడగండి, అడిగిన తమ్ముడికి చెప్పండి.

ఆ నోటుబుక్ అట్ట ఊడింది కానీ లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు తెచ్చి మన హాస్టల్ లైబ్రరీలో పెడతాను. చివర్లో తెల్ల కాగితాలు ఉన్నాయి, అవి మీకోసం.