చంబల్ మట్టి, గండికోట రాయి

ఎండిన లోయలు అనగానే మనలో చాలామందికి అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ గుర్తొస్తుంది. కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. అంత దూరం మనం వెళ్ళలేకపోవచ్చు. కానీ ఢిల్లీ నుంచి కారులో అయిదు గంటలు వెళ్తే, కనుచూపుమేర చీలికలు చీలికలుగా ఉన్న నేల కనిపిస్తుంది. అదే చంబల్ లోయ. పోయిన మార్చి నెలాఖరులో మేము అక్కడికి వెళ్ళి వచ్చాం.

మేము అంటే అక్కాచెల్లెళ్ళం ఇద్దరం. ఒకరం ఎనిమిది, ఒకరం ఆరు. మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం కాబట్టి ఢిల్లీ మాకు మూడో ఊరు. పై అంతస్తు క్వార్టర్లో ఉండే మా స్నేహితురాలికైతే అయిదో ఊరు. మాది గోదావరి జిల్లా, వాళ్ళది కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గర పల్లె. మార్చి మొదట్లో వాళ్ళ నాన్నగారికి హైదరాబాదు బదిలీ ఆర్డరు వచ్చింది. పరీక్షలు అయ్యాక, సామాన్లు కట్టేలోగా, రెండు ఇళ్ళవాళ్ళం కలిసి ఒకరోజు ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. తాజ్‌మహల్ అందరం చూసేశాం. "మా గండికోట లాంటి చోటు ఇక్కడ ఉంటే అక్కడికి పోదాం" అంది మా స్నేహితురాలు. అంకుల్ ఆలోచించి చంబల్ పేరు చెప్పారు.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాం. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా యమునా ఎక్స్‌ప్రెస్‌వే. 2012లో మొదలైన ఈ రోడ్డు పొడవు 165 కిలోమీటర్లు. దారిలో ఒకచోట ఆగి డబ్బాలు విప్పాం. మా అమ్మ తెచ్చింది నిమ్మకాయ పులిహోర. ఆంటీ తెచ్చింది చిత్రాన్నం. మూతలు తీసి చూస్తే రెండూ ఒకటే! ఏ పేరు సరైనదన్న వాదన ఆగ్రా దాటేదాకా సాగింది.

ఆగ్రా తర్వాత 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ రోడ్డు మన దేశంలోకెల్లా పొడవైనది. అంకుల్ ఫోనులో మ్యాపు చూపించారు. ఇదే రోడ్డు గ్వాలియర్, నాగపూర్, ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు మీదుగా అనంతపురం వైపు పోతుంది. "అయితే తిన్నగా పోతే మా ఊరి దగ్గరికే!" అంది మా స్నేహితురాలు. ఆ తర్వాత కాసేపు ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు. వచ్చే నెల ఆ రోడ్డు మీదే వాళ్ళు వెళ్ళిపోతారని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

ధోల్‌పూర్‌లో రోడ్డు పక్కన ఇసుకరాయి పలకలు పేర్చి ఉన్నాయి. రాష్ట్రపతి భవన్ కట్టడానికి ఇక్కడి రాయి కూడా వాడారట. ఊరు దాటి కొంచెం ముందుకు పోగానే గోధుమ చేలు ఆగిపోయి, నేల ఒక్కసారిగా విరిగిపోయినట్టు కనిపించింది. ఎటు చూసినా పసుపుపచ్చని మట్టి దిబ్బలు, వాటి మధ్య మలుపులు తిరిగే ఇరుకు సందులు. వీటిని ఇక్కడివాళ్ళు 'బీహడ్' అంటారు. ఒకప్పుడు బందిపోట్లు ఈ సందుల్లోనే దాక్కునేవారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ మాట మీద వందలమంది ఆయుధాలు వదిలి లొంగిపోయారని నాన్నగారు చెప్పారు.

కారు ఆపి ఒక సందులోకి దిగాం. రెండు పక్కలా గోడలు మా క్వార్టర్ల మేడ కంటే ఎత్తుగా ఉన్నాయి. మా స్నేహితురాలు గోడ మీద చెయ్యి వేసింది. పిండిలా మట్టి రాలింది. "ఇది రాయి కాదు, వట్టి మన్ను!" అంది ఆశ్చర్యంగా.

గండికోట గురించి తను చెబుతుంటే విన్నాం. అక్కడ పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోతుంది. కొండను చీల్చుకుని నది పోయే చోటును గండి అంటారు. ఆ గండి అంచున కోట ఉంది కాబట్టి గండికోట. ఎర్రటి రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టే ఉంటాయట. "మా అవ్వ చిన్నప్పుడు ఎట్లా చూసిందో నేనూ అట్లాగే చూసినా. ఇక్కడ మాత్రం వచ్చే ఏడు వస్తే ఈ గోడ ఉంటుందో లేదో" అంది.

ఆ మాట నిజమేనని మాకు అక్కడ మేకలు కాస్తున్న తాతగారు చెప్పారు. ఆయన హిందీలో చెప్పింది ఇదీ: ఆయన తాతగారి కాలంలో పొలం ఉన్నచోట ఇప్పుడు లోయ ఉంది. ఇక్కడి నేల నదులు తెచ్చిపోసిన మెత్తటి ఒండ్రుమట్టి. పైన గడ్డి లేకపోతే వాన నీరు సన్నటి గాడి చేస్తుంది. గాడి కాలువ అవుతుంది, కాలువ లోయ అవుతుంది. లోయ నది వైపు నుంచి పొలాల వైపు ఏటేటా పాకుతూ వస్తుంది.

పైకి ఎక్కి కూర్చున్నాక మా స్నేహితురాలు మెల్లగా అంది. "నాకు ప్రతి ఊళ్ళో ఒక బెస్ట్ ఫ్రెండ్ ఉంది. మొదట్లో రోజూ ఫోను. తర్వాత పుట్టినరోజుకు మాత్రమే. తర్వాత అదీ ఉండదు. ఈ మట్టి మాదిరే." మాకేం చెప్పాలో తెలియలేదు. మా పాత ఊళ్ళ స్నేహితులూ అలాగే దూరమయ్యారు. బదిలీల మీద తిరిగే పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు కదా.

అప్పుడే చెల్లి దిబ్బల మీది ముళ్ళ చెట్లను చూపించి అవేంటని అడిగింది. ఆంటీ నవ్వారు. "సర్కారు తుమ్మ! మా ఊరి నిండా ఇదే." ఢిల్లీ రిడ్జి అడవిలో మనం రోజూ చూసే విలాయతీ కీకర్ కూడా ఇదే చెట్టు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. లోయలు పెరగకుండా ఇక్కడ 1980లలో విమానాల నుంచి దీని విత్తనాలు చల్లారట. "సర్కారు ఎక్కడ వేస్తే అక్కడ బతుకుతుంది, మనలాగే" అన్నారు నాన్నగారు. అందరం పడీపడీ నవ్వాం.

కానీ తాతగారికి ఆ చెట్టు నచ్చదు. దాని కింద ఇంకేదీ పెరగదు, మేకల కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటాయి అన్నారు. మరి మట్టిని ఏది ఆపుతుందని అడిగాం. "గడ్డి" అన్నారు ఆయన. "వేళ్ళు చిన్నవే. కానీ వానకు ముందే పట్టుకుంటుంది. దాని పక్కన వేరే మొక్కలనూ బతకనిస్తుంది."

మధ్యాహ్నం నదిలో పడవ ఎక్కాం. మూడు రాష్ట్రాల్లో విస్తరించిన చంబల్ అభయారణ్యం ఇది. మొసలి జాతికి చెందిన ఘరియాళ్ళు ఇసుక తిన్నెల మీద కదలకుండా పడుకున్నాయి. మగదాని ముక్కు చివర చిన్న కుండలాంటి బుడిపె ఉంటుంది. కుండను హిందీలో ఘడా అంటారు, ఆ పేరు అందుకే వచ్చింది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, ఇవి వెళ్ళి కలిసేది మన యమునలోనే అంటే నమ్మబుద్ధి కాలేదు.

తిరుగు ప్రయాణంలో ముగ్గురం ఒక ఒప్పందం చేసుకున్నాం. రోజూ ఫోను చేస్తామని ఎవరూ అనలేదు, అది నిలవదని అందరికీ తెలుసు. ప్రతి నెలా రెండో శనివారం ఒక ఉత్తరం. ఒక నెల మేము, ఒక నెల తను. అందులో కొత్త ఊళ్ళో చూసిన చెట్టో, తిన్న వంటో, నేర్చుకున్న కొత్త మాటో ఒకటి ఉండాలి. గడ్డి వేళ్ళంత చిన్న పని.

ఏప్రిల్‌లో వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పటికి అయిదు ఉత్తరాలు అయ్యాయి. మూడు మావి, రెండు తనవి. హైదరాబాదు బడిలో తన పక్కన కొత్తగా అస్సాం నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంటుందట. ఆ అమ్మాయికి ఒక్క తెలుగు ముక్క రాదు. మొదటి వారం తనే వెంట ఉండి నీళ్ళ కుళాయి ఎక్కడుందో, ఏ సార్ ఎప్పుడు నోటుబుక్కులు అడుగుతారో చెప్పిందట. చివరి ఉత్తరంలో అస్సామీ మాటలు రెండు రాసి పంపింది.

వేసవి సెలవుల్లో మేము 44వ రహదారి మీద గుత్తి దాకా వెళ్ళి, అక్కడ తాడిపత్రి వైపు తిరగాలి. జమ్మలమడుగులో వాళ్ళ అవ్వగారింట్లో దిగి గండికోట చూడాలి. ఈ నెల ఉత్తరం రాసే వంతు తనది. రాయి మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో మాత్రం రాయొద్దని ముందే చెప్పాం, అది మేమే చూస్తాం.