మంచం కింద మడుగు

సెకండియర్ పరీక్షలు రాసి ఇంటికెళ్ళిన నాలుగో రోజు. మా వీధి చివర కడుతున్న బిల్డింగ్ దగ్గర, ఇసుక కుప్ప పక్కన ఒక కుక్కపిల్ల కుంయ్‌కుంయ్‌మంటోంది. తల్లి రెండు రోజులుగా కనపడట్లేదని వాచ్‌మన్ చెప్పాడు. మా చెల్లి ఇంకేం ఆలోచించలేదు, చున్నీలో చుట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

"వంటింటి గడప తొక్కిందంటే నేను మీ బాబాయ్ దగ్గరికి పోతా" అంది నానమ్మ. నాన్న మాత్రం నా వైపు చూసి, "ఉంచుకోండి. ఇల్లు పాడుచేస్తే మాత్రం నిన్నే అడుగుతా" అన్నారు. చెల్లి దానికి జున్ను అని పేరు పెట్టింది.

పశువుల డాక్టర్ గారు పళ్ళు చూసి ఏడు వారాలుంటాయన్నారు. నట్టల మందు తాగించి, పార్వో, డిస్టెంపర్ రాకుండా మొదటి టీకా వేశారు. నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్ళీ వేయించాలట, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. అప్పటిదాకా వీధిలోకి దింపొద్దన్నారు. ఉల్లిపాయ పడ్డది ఏదీ పెట్టొద్దని కూడా చెప్పారు. మనింట్లో ఉల్లిపాయ లేని కూర ఏముంటుంది? అమ్మ దానికి విడిగా చప్పిడి చికెన్, అన్నం ఉడికించడం మొదలుపెట్టింది. మూడో రోజుకి నానమ్మే "దానికి పెట్టారా?" అని అడుగుతోంది.

అసలు గొడవ ఉచ్చతో. సోఫా పక్కన, టీవీ కింద, నాన్న చెప్పుల్లో. రోజుకి పదిసార్లు తుడిచేవాణ్ణి. ఒకరోజు విసుగొచ్చి, మెడ పట్టుకుని మూతి ఆ మడుగు దగ్గర పెట్టి, పేపర్ చుట్టి రెండు తగిలించా. అలా చేస్తేనే నేర్చుకుంటాయని ఎవరో చెప్పగా విన్నా. మర్నాటి నుంచి హాల్లో ఒక్క చుక్క లేదు! "ట్రైనింగ్ కంప్లీట్" అని నాన్న దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నా.

మూడు రోజుల తర్వాత అమ్మ ఊడుస్తూ ముక్కు మూసుకుంది. దివాన్ మంచం కింద, గోడవార, మూడు రోజుల సరుకు. నేను వంగి చూసేసరికి జున్ను చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, ఇంకా లోపలికి జరిగింది. చెల్లి నా పక్కనే కూర్చుని అంది: "అన్నయ్యా, బయటికెళ్ళాలని అది నేర్చుకోలేదు. నీకు కనపడకుండా పొయ్యాలని నేర్చుకుంది."

నాకు మాట రాలేదు. ఎందుకంటే ఫస్ట్ సెమ్‌లో సిగ్నల్స్ సబ్జెక్ట్ పోయింది. మార్చిలో రిజల్ట్ వచ్చింది. ఇంట్లో "అన్నీ పాస్" అని చెప్పా. సప్లీ ఫీజు ప్రాజెక్ట్ ఖర్చని చెప్పి తీసుకున్నా. తొమ్మిదో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు చూసి నాన్న బెల్టు తీసిన రోజు తర్వాత నేను చదువులో మెరుగుపడ్డానో లేదో తెలీదు కానీ, కార్డులు దాచడంలో బాగా మెరుగుపడ్డా.

మళ్ళీ మొదటికొచ్చాం. వాసన ఉంటే అక్కడికే వెళ్తుందని మంచం కింద వెనిగర్ నీళ్ళతో కడిగా. ఎక్సెల్ షీట్ తెరిచి టైములు రాశా. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే. అదే వరస. ఆ మూడు సందర్భాల్లో, మధ్యలో రెండు గంటలకోసారి పెరట్లోకి తీసుకెళ్ళా. రాత్రి రెండింటికి, ఐదింటికి అలారం. పని అవ్వగానే, ఆ క్షణంలోనే మెచ్చుకుని గుడ్డు ముక్క పెట్టాలి. ఆలస్యమైతే దేనికి పెట్టారో దానికి అర్థం కాదు.

చెల్లి తీసుకెళ్తే వెంటనే పోసేది. నేను తీసుకెళ్తే బిగబట్టి నా చేతుల వైపు చూసేది. నాలుగు రోజులు అంతే. నేను కొట్టింది రెండు దెబ్బలే.

ఐదో రోజు సాయంత్రం, సన్నగా తుంపర పడుతుంటే, మల్లెపందిరి దగ్గర నా ఎదురుగానే కూర్చుని పోసింది. "శభాష్ రా జున్నూ!" అని అరిచేశా. వరండాలోంచి నాన్న, "ఏంట్రా, దానికి గేట్‌లో ర్యాంకొచ్చిందా?" అన్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక చెప్పేశా. సబ్జెక్ట్ సంగతి, ఫీజు సంగతి రెండూ. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది నాన్నా."

ఇంకేం అడగలేదు. లేచి వెళ్ళి పడుకున్నారు. తెల్లారి ఐదింటి అలారానికి లేచి చూస్తే జున్ను పడక ఖాళీగా ఉంది. పెరట్లో నాన్న లుంగీ ఎగ్గట్టి, చేతిలో గుడ్డు ముక్కతో నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "సప్లీ ఎప్పుడన్నావ్?" అని మాత్రం అడిగారు.

ఇప్పుడు హాస్టల్లో ఉన్నా. జున్నుకి నాలుగో నెల, పాలపళ్ళు ఊడుతున్నాయి. దొరికిందల్లా కొరుకుతోందట. నాన్న కొత్త చెప్పు ఒకటి అయిపోయింది. "తిట్టారా?" అని అడిగితే, "చెప్పు పైన పెట్టుకోకపోవడం నా తప్పేగా, దానికి ముడేసిన పాత తువ్వాలిచ్చా" అన్నారు.

సప్లీ వచ్చే నెల. పాసయినా పోయినా మొదటి ఫోన్ ఇంటికే.