చేపు

తెలుగులో కొన్ని క్రియలున్నాయి. వాటిని పరభాషలోకి మార్చబోతే వివరణ వస్తుందే గాని మాట రాదు. "చేపు" అటువంటి క్రియ. దూడ పొదుగును కుమ్మినప్పుడు ఆవుకో బర్రెకో పాలు చన్నులలోకి దిగడాన్ని చేపడం అంటాం. బిడ్డ ఏడుపు విని తల్లి రొమ్ము తడిసినా అదే మాట. పాలు పితకడం మనిషి పని. చేపడం అట్లా కాదు. మనిషి ఆజ్ఞాపిస్తే జరగదు, పశువు తనంత తాను తలచుకున్నా జరగదు. తెలుగు పండితుడిగా మూడు దశాబ్దాలకు పైగా బడిపిల్లలకు ఈ మాటకు అర్థం చెప్పాను. దాని బరువు మాత్రం 2021 మే నెలలో మా ఇంటి వెనుక కొట్టంలో తెలిసింది.

మాది శ్రీరాంపూర్. పెద్దపల్లి వైపున కాల్వ శ్రీరాంపూర్ మరొకటి ఉన్నది గనుక చెబుతున్నాను, మాది బొగ్గుబావుల శ్రీరాంపూర్. మునుపు ఆదిలాబాదు జిల్లా, 2016 అక్టోబరు నుండి మంచిర్యాల జిల్లా. ఇక్కడ ప్రొద్దు పొడవడం, గుంకడం కన్నా సింగరేణి షిఫ్టులే కాలాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. అయినా బావిలో దిగే మనుషుల ఇళ్ళలో సైతం పెరట్లో ఒక బర్రె ఉండడం వింత కాదు. పల్లె విడిచి బొగ్గుకు వచ్చినవారు పల్లెను కొంతైనా వెంట తెచ్చుకున్నారు. మా ఇంట ఆనాటికి ఒక పాడిబర్రె, ఒక చూడిబర్రె, ఒక దుడ్డె, నాలుగు కోళ్ళు ఉండేవి. పాడిబర్రె పేరు లచ్చవ్వ. పొద్దున మూడు, సాయంత్రం మూడు లీటర్లు ఇచ్చేది, అదీ మా ఇల్లాలి చేతికే.

ఆ మే నెల సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. 12వ తేదీ నుండి రాష్ట్రమంతటా లాక్‌డౌన్. ఉదయం 6 నుండి 10 గంటల వరకే బయట తిరగనిచ్చేవారు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి జ్వరం ఉన్నదా అని అడిగి మందుల పొట్లాలిచ్చి వెళ్ళేవారు. అట్లా అడిగిన రెండు రోజులకే మా ఇల్లాలికి జ్వరం, దగ్గు మొదలైనాయి. పరీక్షలో ఆమెకు కరోనా ఉన్నదని, నాకు లేదని వచ్చింది.

ఇంట్లోనే విడిగా ఉండి కోలుకొనేవారి కోసం కేంద్ర ఆరోగ్యశాఖ నియమాలు ఉండేవి. గాలి వచ్చే వేరే గది, మూడు పొరల మాస్కు, రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉండే ఒక మనిషి, వేలికి తొడిగే ఆక్సీమీటరు. అంకె 94కు తగ్గితే వైద్యుడికి చెప్పాలి. లక్షణాలు మొదలై కనీసం 10 రోజులు గడిచి, మూడు రోజులుగా జ్వరం లేకుంటే విముక్తి. ఈ నియమాలు పాటించడానికి మొదట ఇంట్లో గదులుండాలి. నల్లగొండ జిల్లా కొత్తనందికొండలో ఒక యువకుడు ఇంట్లో వేరే గది లేక చెట్టుమీద మంచె కట్టుకొని 11 రోజులు గడిపిన వార్త ఆ రోజులలోనే వచ్చింది. మాకు గది ఉన్నది, దాని కిటికీ కొట్టం వైపు తెరుచుకుంటుంది. ఆ విధంగా అదృష్టవంతులమే. అయితే కనిపెట్టుకొని ఉండవలసిన ఆ ఒక్క మనిషి కుడితి ఎప్పుడు పెట్టాలో, పెండ ఎప్పుడు తీయాలో ఏ నియమంలోనూ లేదు.

మా ప్రాంతపు మే నెల ఎండ నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు దాటిపోతుంది. బర్రె ఒంటికి చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్లని తోలు. అందుకే అది నీటి మడుగు వెతుక్కుంటుంది. మడుగుకు తోలే మనిషి లేనప్పుడు ఇంటి దగ్గరే రోజుకు రెండు మూడు సార్లు బిందెలతో ఒళ్ళు తడపాలి, తాగడానికి మళ్ళీ వేరే. గంటకొకమారు ఆక్సీమీటరు చూడడం, నడుమ గంజి కాచడం, నడుమ బిందెలు మోయడం. మనిషికి మందు ఒక అరగంట ఆలస్యమైతే ఓర్చుకుంటుంది. పశువుకు ఆలస్యం అన్న మాటే అర్థం కాదు, అది అరుస్తుంది. ఆ అరుపు విన్న రోగి పక్కమీద ఉండలేక లేచి కూర్చుంటుంది.

ఇంకొక భయమూ ఉండేది. హైదరాబాదు జూ పార్కులో ఎనిమిది సింహాలకు కరోనా సోకిందని మే 4న ప్రకటించారు. మన దేశంలో జంతువులకు సోకినట్టు తేలడం అదే మొదలు. సింహానికి వచ్చినది బర్రెకు రాదా అని వాడకట్టువారి సందేహం. జర్మనీలో 2020లో ఆరు పశువుల ముక్కులలోకి ఈ వైరస్‌ను ఎక్కించి చూడగా రెండింటికి మాత్రమే స్వల్పంగా సోకిందనీ, వాటి పక్కనున్న పశువులకు అంటలేదనీ చదివి ఊరట పొందాను. కాని పాలు పోయించుకొనేవారికి జర్మనీ సంగతి చెప్పి ఏం లాభం? పాలు కాచే తాగుతారని తెలిసీ మానుకున్నారు. వారి భయాన్ని తప్పుపట్టలేను.

పాలు అమ్మకపోయినా పితకక తప్పదు. పొదుగులో నిలిస్తే వాపు వస్తుంది. మొదటి సాయంత్రం నేను తపేలా పట్టుకొని కూర్చున్నాను. లచ్చవ్వ నన్ను వాసన చూసి, కాలు జాడించి, పాలు పైకి లాగేసుకున్నది. పాలు ఎగబట్టడం అంటే ఇదే. దీని వెనుక శాస్త్రం లేకపోలేదు. దూడ మూతో, తెలిసిన చెయ్యో తగిలితే పశువు మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే స్రావం రక్తంలో కలిసి పొదుగును పిండుతుంది. ఆవు కన్నా బర్రెకు ఇందుకు ఎక్కువ సమయం పడుతుంది. భయం కలిగితే మరొక స్రావం దానిని అడ్డుకుంటుంది. అదే మందును సూది ద్వారా వేయండి, క్షణంలో దిగుతాయని ఫోనులో ఒకరు సలహా ఇచ్చారు. పాల కోసం పశువు ఆరోగ్యానికి చేటు చేసే సూది వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, ఇంట్లో ఒక ప్రాణి ఊపిరికి కష్టపడుతుంటే కొట్టంలో ఇంకొక ప్రాణిని బలవంతపెట్టడానికి నాకు చేతులు రాలేదు.

కిటికీలోంచి ఆమె చూస్తూనే ఉన్నది. "నా కొట్టంల చీర దండెం మీదున్నది, అది చుట్టుకొని కూసోండ్రి" అన్నది. జబ్బు పడకముందు నుండీ అక్కడే వేలాడుతున్న పాత చీర అది. పిల్లలకు శబ్దాలంకారాలు, అర్థాలంకారాలు నేర్పిన పండితుడు చీర చుట్టుకొని, కొంగు నెత్తిమీద వేసుకొని బర్రె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగినాక "ఓ లచ్చవ్వా… మా అవ్వ గదా…" అని పిలిచింది. గొంతులో సగం గాలే ఉన్నది. లచ్చవ్వ చెవులు అటు తిప్పింది. దుడ్డెను విడిచాను. రెండు మూడు నిమిషాలు గడిచినాక నా వేళ్ళ కింద చన్నులు బిగువెక్కాయి. ఆ గుర్తును నా చేయి కనుగొనడం అదే మొదటిసారి.

ఐదు రోజులు అట్లా సాగింది. ఆరవనాడు మధ్యాహ్నం అంకె 93, బోర్లా పడుకోబెట్టినాక 95, సాయంత్రం పాల వేళకు 91. లచ్చవ్వ అరుస్తున్నది. ఆమె కిటికీ వైపు చెయ్యి చూపింది, ముందు అక్కడికి వెళ్ళమని. నేను బండికోసం ఫోను చేశాను. గోడ అవతలి నుండి బావిలో పనిచేసి దిగిపోయిన పెద్దాయన అరిచి చెప్పాడు: "సారూ, మీరు ముందుగాల అమ్మను తోల్కపోండ్రి. బర్రెల సంగతి మాకిడిసిపెట్టుండ్రి." ఆ ఇంట కూడా చిన్న పిల్లలున్నారు. మా గడప తొక్కడానికే జనం జంకుతున్న కాలమది.

మంచిర్యాల దవాఖానలో ఎనిమిది రోజులు ప్రాణవాయువు పెట్టారు. మూతికి గొట్టం ఉన్నందున మాట లేదు. మూడవనాడు కాగితం అడిగి రాసిన మొదటి వాక్యం తన గురించి కాదు: "నీళ్ళు పెట్టిండ్రా?" ఆ సమయానికి కొట్టంలో పొరుగింటి తల్లి తంటాలు పడుతున్నది. మా ఇల్లాలి గొంతును ఫోనులో వినిపించి చూశారట, ఫలితం లేదు. దుడ్డెను ముందు విడిచి, తవుడు పెట్టి, ఓపికగా కూర్చోగా మూడవ పూటకు లచ్చవ్వ ఆమెకు చేపింది. ఈలోగా ఒక చన్ను గట్టిపడింది. పశువైద్యుడు ఫోనులో చెప్పినట్టు మాటిమాటికీ పిండి తీసి, మందు వాడినా ఆ చన్నులో పాలు సగానికి పడిపోయాయి. మా ఇల్లాలు ఇంటికి వచ్చింది గాని మెట్లెక్కితే ఆయాసం తగ్గడానికి వర్షాకాలమంతా పట్టింది.

రఘువంశంలో దిలీపుడు నందినీ ధేనువును 21 రోజులు సేవించిన కథ నాకు చాలా ఇష్టం. ఎన్నోసార్లు పాఠం చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే, దిలీపుడికి రాజ్యభారం మోయడానికి మంత్రులున్నారు, వెంట సుదక్షిణ ఆరోగ్యంగా ఉన్నది. ఆయన ముందున్నది ఒక్కటే ధర్మం. పశువున్న సామాన్యుడి ఇంట జబ్బు చేసినప్పుడు రెండు ధర్మాలు ఒకే గంటలో పిలుస్తాయి, రెండింటికీ చేతులు అవే. జబ్బు ఇంటిని ఆపివేయాలని చూస్తుంది, పశువు ఆగనివ్వదు. అది భారమే, కాదనను. కాని తెల్లవారుజామున నిద్రలేక, దిక్కుతోచక కూర్చున్న నన్ను లేపి నిలబెట్టినది ఆ పెండతట్టే. రోగికి కూడా మరణభయం కాక తలచుకోవడానికి వేరే ఒక ఆకలి దొరికింది.

ఇప్పుడు మా కొట్టంలో ఏ పశువూ ఒక్క చేతికే అలవాటు కాకూడదన్నది ఆమె నియమం. వారంలో మూడు పూటలు నావి, ఒక పూట పొరుగింటివారిది. కొట్టం గోడకు ఒక కాగితం అంటించాము: ఎన్ని బిందెల నీళ్ళు, ఎంత తవుడు, ఏ బర్రె ఎన్నో నెల చూడి, ఏ చన్ను మెల్లగా పట్టాలి, ఎవరికి ఫోను చేయాలి. చివరి వాక్యం ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను: "తొందరపెట్టకుండ్రి. చేపేదాక ఆగుండ్రి." పశువులున్న మిత్రులు మీ ఇంటి చూరుకింద అటువంటి కాగితమొకటి ఆరోగ్యంగా ఉన్నప్పుడే అంటించుకోవాలని నా మనవి. జబ్బు పడినాక రాయడానికి తీరిక ఉండదు.