మేము అడగని నంబరు

అమ్మీ గుంటూరు వదలి మాతోపాటు ఉండటానికి ఒప్పుకున్నది 2023 రంజాన్ మాసంలో. మేము నివసించేది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫ్రీమాంట్ నగరంలో. మా ఇంటి పడకగదులు, స్నానాలగదులు అన్నీ పై అంతస్తులోనే ఉన్నాయి. అమ్మీ మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. క్రింద ఒక గది, దానిని ఆనుకొని స్నానాలగది, అందులో ఆమె కూర్చునే వుజూ చేసుకొని కాళ్లు కడుక్కోగల ఎత్తులో ఒక కుళాయి. మేము కోరుకున్నది ఇంతే. అప్పు చేయకుండా ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము అందుకోసం సిద్ధంగా ఉన్నది.

ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిచి అడిగాము. ఒకరు 52,000 డాలర్లు అవుతుందన్నారు. నగరపాలక కార్యాలయం నుంచి పర్మిట్ తీసుకోవాలనీ, దానికి కొన్ని వారాలు పట్టవచ్చనీ చెప్పారు. రెండవవారు మస్జిద్‌లో పరిచయమైన సోదరులు. 38,000కు చేసిపెడతామన్నారు. ఇంటి లోపలి పనికి పర్మిట్ అక్కరలేదన్నారు. "మన మధ్య కాగితాలెందుకు భాయ్" అన్నారు. పరాయి దేశంలో ఆ మాట మాకెంతో హాయిగా వినిపించింది. గుంటూరులో మా నాన్నగారి ఇల్లు కట్టిన మేస్త్రీ కూడా ఏ కాగితం మీదా సంతకం చేసినవాడు కాదు. శనివారం సాయంత్రం కూలీల లెక్క చెప్పి డబ్బు తీసుకువెళ్లేవాడు. ఆ ఇల్లు నేటికీ చెక్కుచెదరలేదు. ఆ జ్ఞాపకంతోనే, సామగ్రి కోసం అడిగిన 15,000 డాలర్లకు చెక్కు వ్రాసి ఇచ్చాము. వారి కార్డు మీద పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. లైసెన్సు నంబరు లేదు. లేదన్న సంగతి మేము గమనించనైనా లేదు.

తొమ్మిదవ రోజున, గోడ సగం విప్పి ఉండగా, పనిచేస్తున్న యువకుడొకడు నిచ్చెన మీదినుంచి పడ్డాడు. మణికట్టు విరిగింది. అతడికి స్పానిష్ తప్ప మరో భాష రాదు. ఆసుపత్రిలో గుమాస్తా అడిగిన మొదటి ప్రశ్న, ఇతని యజమాని ఎవరు, ఏ బీమా ఉన్నది అని. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తలేదు. లైసెన్సు గానీ కార్మిక బీమా గానీ లేనివారికి పని అప్పగిస్తే, గాయపడిన కూలీకి యజమాని ఇంటివారే అని చట్టం భావించే అవకాశం ఉన్నదని ఆ రాత్రి మాకు తెలిసింది. భయపడ్డామని చెప్పటంలో సిగ్గులేదు. సిగ్గనిపించినది మరొకటి. మేము ఆదా చేశామనుకున్న పధ్నాలుగు వేల డాలర్లలో ఈ యువకుడి బీమా సొమ్ము కూడా ఉన్నది. మా లాభానికి అతడి చేయి హామీగా నిలిచింది. అతడి ఆసుపత్రి బిల్లును మేము నెలనెలా చెల్లించాము.

కాంట్రాక్టరు మళ్లీ పనికి రాలేదు. ఆ తరువాతే, ముందు చదవవలసిన నిబంధనలను చదవసాగాము. కాలిఫోర్నియాలో ఈ వ్యవహారాలను చూసే కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు 1929 నుంచీ ఉన్నది. కూలీ, సామగ్రి కలిపి 500 డాలర్లు, ఆ పైన విలువచేసే పనికి అప్పట్లో లైసెన్సు తప్పనిసరి. 2025 జనవరి నుంచి ఆ పరిమితిని 1,000 డాలర్లకు పెంచారు. అయితే పని చిన్నదైనా, దానికి పర్మిట్ అవసరమైతే లేదా కూలీలను పెట్టుకుంటే లైసెన్సు ఉండాల్సిందే. ఇళ్లు కట్టే సాధారణ కాంట్రాక్టరుది 'బి' తరగతి. గత పదేళ్లలో కనీసం నాలుగేళ్ల అనుభవం చూపాలి, చట్టాల మీద ఒకటి, పనితనం మీద ఒకటి పరీక్షలు నెగ్గాలి, వేలిముద్రలు ఇవ్వాలి, 25,000 డాలర్ల బాండు సమర్పించాలి. (ఆ బాండు ఫిర్యాదు చేసిన వారందరికీ కలిపి అంతే. అది ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.) లైసెన్సు నంబరును బోర్డు వెబ్‌సైటులో కొడితే అది చెల్లుబాటులో ఉన్నదా, కార్మిక బీమా ఉన్నదా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నీ కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

మమ్మల్ని అన్నిటికంటే నివ్వెరపరచిన నియమం అడ్వాన్సుది. ఇంటి మరమ్మతు పనికి కాంట్రాక్టరు ముందుగా తీసుకోదగినది ఒప్పందం మొత్తంలో పదవ వంతు లేదా 1,000 డాలర్లు, వీటిలో ఏది తక్కువైతే అది. ఆ పైన, జరిగిన పనికీ వచ్చిన సామగ్రికీ మించి అడగరాదు. మేమిచ్చినది దానికి పదిహేను రెట్లు.

లైసెన్సు లేకుండా పనిచేసినవారు కూలి కోసం కోర్టుకెక్కలేరు. పైగా, ఇచ్చిన సొమ్మంతా తిరిగి రాబట్టుకొనే హక్కు ఇంటివారికి ఉన్నది. దీనిపై మాలో మాకు వాదన జరిగింది. గోడ విప్పటం, గొట్టాలు వేయటం వంటి పని కొంత జరిగింది కదా, దాని కూలి ఎగ్గొట్టటం న్యాయమా అని ఒకరం. ఫిర్యాదు చేయకపోతే రేపు మరో ఇంటికి ఇదే గతి పడుతుందని మరొకరం. చివరకు చేసిన పనికి లెక్కగట్టి మిగతాది అడిగాము. 4,000 డాలర్లు మూడు విడతలుగా వచ్చాయి. బోర్డుకు ఫిర్యాదు మాత్రం చేయలేదు. జుమా నాడు ఒకే వరుసలో నిలబడే మనిషి కదా అనుకున్నాము.

పనిని మొదట వద్దన్న ఆ 52,000 వారికే అప్పగించాము. వారి ఒప్పందం పదకొండు పేజీలు. లైసెన్సు నంబరు, పని వివరం, ఏ దశకు ఎంత చెల్లింపు, ఆరంభించే తేదీ, ముగించే తేదీ, సంతకం చేసిన మూడు రోజుల్లో మానుకొనే హక్కు, అన్నీ ఉన్నాయి. అరవై అయిదేళ్లు దాటినవారికి అది అయిదు రోజులట. నగర ఇన్‌స్పెక్టరు గోడలు మూయకముందే వచ్చి తనిఖీ చేశారు. పాత గోడ తెరిపిస్తే, పెట్టె లేకుండా లోపల ముడివేసి వదిలేసిన కరెంటు తీగలు బయటపడ్డాయి. తడి చేతులతో వుజూ చేసుకొనే గది అది. ఆ తీగలను చూసిన తరువాత డబ్బు గురించి మా బాధ సగం తగ్గింది.

చివరి చెల్లింపుకు ముందు ప్లంబరు నుంచీ, టైల్స్ సరఫరా చేసినవారి నుంచీ తమ బాకీ ముట్టిందన్న పత్రాలు తీసుకున్నాము. ఇది లాంఛనమని తీసివేయదగినది కాదు. కాంట్రాక్టరు వారికి చెల్లించకపోతే, మేము కాంట్రాక్టరుకు పూర్తిగా చెల్లించినా సరే, వారు మా ఇంటిమీద హక్కు నమోదు చేయించుకోవచ్చు. దానిని ఇక్కడ మెకానిక్స్ లీన్ అంటారు.

ఈ కథంతా విని అమ్మీ అన్న మాట మాకు ఇంకా గుర్తున్నది. "ఆ మేస్త్రీ ఇల్లు మన వీధి చివరే కదా. అతని తండ్రి ఎవరో, ఎవరికి బాకీ ఉన్నాడో అందరికీ తెలుసు. ఇక్కడ మీకు ఎవరు తెలుసు?" బఖరా సూరాలో అప్పు వ్యవహారాన్ని వ్రాసిపెట్టుకొని సాక్షులను ఉంచుకోమనే 282వ ఆయత్, ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. దానిని మేము ఎన్ని రంజాన్లలో పారాయణం చేశామో.

అమెరికా అంతటా ఒకే పద్ధతి ఉన్నదని పాఠకులు భావించవద్దు. మనవారు ఎక్కువగా స్థిరపడిన టెక్సాస్‌లో సాధారణ కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సే లేదు. ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు మాత్రం ఉన్నది. అక్కడ బీమా పత్రాన్నీ, లోగడ చేసిన పనులనూ స్వయంగా చూసుకోవటమే దారి. మన తెలుగు రాష్ట్రాల్లోనూ సొంత స్థలంలో ఇల్లు కట్టే మేస్త్రీని పరీక్షించి లైసెన్సు ఇచ్చే బోర్డు ఏదీ లేదు. 2016 నాటి రెరా చట్టం అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకే గాని, మనం కట్టించుకొనే ఇంటికి వర్తించదు. అయితే గృహనిర్మాణం వినియోగదారుల చట్టం క్రింద సేవగానే పరిగణింపబడుతుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వెళ్లినప్పుడు చేతిలో సంతకం చేసిన కాగితమూ, చెల్లింపుల రసీదులూ ఉండాలి. శనివారం సాయంత్రం నోటి లెక్కలు అక్కడ నిలవవు.

గత ఏడాది మస్జిద్‌కు వచ్చే మరొక కుటుంబం ఫోన్ చేసింది. వంటగది మార్పించుకోవాలట. మాకు పనిచేసిన ఆ సోదరుని పేరే చెప్పి, ఆయన ఎలాంటివారని అడిగారు. అడ్వాన్సు ఏమైనా ఇచ్చారా అని మేము అడిగాము. ఇచ్చేశామన్నారు, పన్నెండు వేలు. ఫోన్ పెట్టేసిన తరువాత ఆ సాయంత్రం మేమిద్దరం కూర్చొని, రెండేళ్ల క్రితం వ్రాయకుండా వదిలేసిన ఫిర్యాదును వ్రాశాము.