పరగడుపు అనే మాట

టైపు చేసిన మాటకో, నొక్కిన బటన్‌కో బదులు చెబుతూ పని జరిపించే ప్రోగ్రామే చాట్‌బాట్. మొబైల్ యాప్‌ను ప్లే స్టోర్ నుంచి విడిగా దించుకోవాలి. చాట్‌బాట్ అయితే ఫోన్‌లో అప్పటికే ఉన్న వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక కాంటాక్టుగా ఉంటుంది. దానికి ‘హాయ్’ అని పంపితే చాలు. ఈ తరహా ప్రోగ్రాముల్లో తొలి తరానికి చెందిన ‘ఎలైజా’ను ఎంఐటీ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో లోకానికి చూపాడు. 2008లో ఆపిల్ యాప్ స్టోర్ వచ్చాక ప్రతి వ్యాపారమూ సొంత యాప్ కోసం ఎగబడింది. తర్వాత 2015లో టెలిగ్రామ్, 2016లో ఫేస్‌బుక్ మెసెంజర్ బాట్‌లకు తలుపులు తీశాయి. 2018లో వాట్సాప్ కూడా వ్యాపార సంస్థలకు ఆ వీలు కల్పించింది.

హైదరాబాద్ అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, మూడో అంతస్తులోని రెండు గదుల్లో ఇలాంటి బాట్‌లు తయారవుతాయి. పత్రిక తరఫున చూడబోయిన రోజున అక్కడ బల్లమీద ఉన్నది ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కు చేస్తున్న బాట్. షుగర్ పరీక్షకు చాలామంది ఏ ఆరు నెలలకో ఒకసారి వస్తారు. ఆ ఒక్క పూట కోసం యాప్ దించుకుని, ఓటీపీ కొట్టి, పాస్‌వర్డ్ పెట్టుకునే ఓపిక ఎందరికి ఉంటుంది? దించుకున్నా, పెళ్లి వీడియోలతో ఫోన్ నిండగానే ముందు తీసేసేది దాన్నే. అరుదుగా అవసరపడే సేవకు చాట్‌బాట్ నప్పడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం ఖర్చు. యాప్‌ను ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో వేర్వేరుగా పరీక్షించాలి. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు, గూగుల్‌కు ఒకసారి 25 డాలర్లు కట్టడం చిన్న సంగతే. ప్రతి మార్పునూ స్టోర్‌కు పంపి అనుమతి పొందడం, వాడేవాళ్లు అప్‌డేట్ చేసుకునేదాకా ఆగడం అసలు భారం. బాట్‌లో మార్పు సర్వర్‌లో జరుగుతుంది, మరుక్షణం అందరికీ అందుతుంది. రిపోర్టు అదే చాట్‌లోకి వస్తుంది, అక్కడి నుంచే డాక్టరుకు పంపుకోవచ్చు. చిక్కు ప్రశ్న ఎదురైతే ల్యాబ్ ఉద్యోగి అదే చాట్‌లో అందుకుంటాడు. ప్రజాసేవల్లోనూ ఈ దారి పడింది. హైదరాబాద్ మెట్రో 2022లో వాట్సాప్ టికెట్లు మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ను 161 సేవలతో ప్రారంభించింది.

చాట్‌బాట్‌కు హద్దులూ ఉన్నాయి. నెట్ లేనిచోట పనిచేయాల్సినవి, ఆటలు, మ్యాపు చూస్తూ నడిచే పనులు యాప్‌కే తగినవి. పైగా బాట్ ఉండేది పరాయి ఇంట్లో. వాట్సాప్ నిబంధన మార్చినా, ధర పెంచినా తలవంచాల్సిందే. వాడుకరి చివరి సందేశం పంపి 24 గంటలు దాటితే, ముందే అనుమతి పొందిన మూస సందేశాలనే వ్యాపారి పంపగలడు.

యాప్‌లో బొమ్మలు సగం పని చేస్తాయి. బాట్‌లో మాటే గుమాస్తా. అమీర్‌పేట గదిలో ఆ మాటలు రాసే ఉద్యోగిని ముందు కంప్యూటర్‌కన్నా దగ్గరగా ఒక రూళ్ల నోట్‌బుక్కు, ఎర్ర పెన్ను ఉన్నాయి. వాట్సాప్‌లో మామూలు చాట్ సందేశానికి మూడు జవాబు బటన్లే, ఒక్కోదానిమీద 20 అక్షరాలే పడతాయి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. ‘రక్తపరీక్ష బుక్ చేయండి’ పట్టలేదు. ఎర్ర గీత పడింది, కింద ‘పరీక్షకు రావాలి’ అని వచ్చింది.

ల్యాబ్ ఇచ్చిన పాఠం ఇంగ్లిషులో రాసి, తెలుగులోకి దించినది. అందులో ‘ఉపవాస పరీక్ష’ అని ఉంది. దాన్ని చదివిన ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆమె గొంతు గదంతా వినిపించింది: “శనివారం ఎట్లాగూ ఉపవాసమే తల్లీ, ఆ రోజే రమ్మంటారా?” అందరూ నవ్వారు. నోట్‌బుక్కు దగ్గరి చెయ్యి మాత్రం ‘ఉపవాస’ కొట్టేసి ‘పరగడుపున’ అని రాసింది. దాని కింద జనం అడిగే తీరులు వరసగా ఉన్నాయి: ఏం తినకుండా రావాల్నా, టిఫిన్ చేసి రావచ్చా, కాఫీ తాగితే పర్లేదా. వీటిలో ఏది వచ్చినా, తెలుగు లిపిలో వచ్చినా ఇంగ్లిషు అక్షరాల్లో వచ్చినా, బాట్ ఒకే జవాబు దగ్గరికి చేరాలి.

ఇంత పనికీ ల్యాబ్ ఇచ్చిన అంచనాలో పద్దు లేదు. సర్వర్‌కు ఉంది, రంగులకు ఉంది. తెలుగు రాసే మనిషికి లేదు. ‘చెల్లుబాటు అయ్యే ఎంపికను ఎంచుకోండి’ వంటి కొయ్య వాక్యాలు పుట్టేది ఇలాంటి పొదుపు నుంచే. కళ్లు బైర్లు కమ్మడం, కడుపుబ్బరం అనే మాటలు తెలియని బాట్ రోగికి ‘అర్థం కాలేదు’ అని బదులిస్తుంది. అడిగిన మాటకు జవాబు రాకపోతే జనం ఆ మాట వాడడమే మానుకుంటారు. యాప్ వద్దనుకోవడంతో మిగిలిన డబ్బులో మొదటి వాటా తెలుగు రాసేవారికి చెందాలి. చాట్‌బాట్‌కున్న సౌలభ్యమంతా ఆ చేతిలోనే ఉంది.

ల్యాబ్ బాట్‌లో ఆ జవాబు ఇప్పుడు రెండు చిన్న వాక్యాలు: “పరగడుపున రండి. మంచినీళ్లు తాగవచ్చు.”