ఒవైహీ లోయల పటము

నెవాడా ఉత్తరభాగమున పుట్టి, ఐడహో నైరృతి మూలగా పారి, ఓరెగాన్ తూర్పు సరిహద్దున స్నేక్ నదిని కలియు ఒవైహీ నది, అగ్నిపర్వతశిలలను లక్షల సంవత్సరములుగా కోసికొనుచు వచ్చి, సేజ్ పొదలు తప్ప చెట్టన్నది అరుదైన ఎత్తైన ఎడారి నడుమ నిలువుగోడల లోయలను తీర్చినది. ఆ లోయలకును, జలాశయమునకును, పశుపాలకులు తిరుగు మట్టిదారులకును గల పటమును సరిచూచుటకై ఒక మిత్రునితో కూడి ఆ ప్రాంతమున సంచరించితిని.

1932లో పూర్తియైన ఒవైహీ ఆనకట్ట 417 అడుగుల ఎత్తుతో ఆనాటికి ప్రపంచమున అన్నిటికంటె ఎత్తైనది. దాని వెనుక నీరు 50 మైళ్లకు పైగా, లోయ తిరిగిన మలుపులన్నియు తిరిగి నిలిచియున్నది. పటమునందలి నీలిరేఖ నిండు జలాశయమునకు చెందినది. వేసవి చివర మేము చూచిన నీరు దానికి చాల దిగువనుండెను. దిగువ పొలములకు ఈ నీరే ఆధారమన్నది నిజము. కాని సముద్రమునుండి ఎదురీదివచ్చు సాల్మన్ చేపలకు ఈ కట్టతోనే త్రోవ మూసికొనిపోయినది. ఆ త్రోవను మా పటము చూపదు. ఆ లోటు నన్ను మిక్కిలి కలచినది.

లెస్లీ గల్చ్ అను ఇరుకులోయలో బూడిదరాతి శిఖరములు తేనెపట్టువలె గుల్లలై నిలిచియుండగా, కాగితముపై ఒకదానిపై నొకటి ఒరసికొను సమోన్నత రేఖలకు అర్థమేమో కన్నులకు కట్టినది.

పీఠభూమిపై, తెగిన గీతగా గుర్తింపబడిన ఒక దారి పగలంతయు బండికి చక్కగా వీలిచ్చెను. సాయంకాలము కొద్దిపాటి వాన పడగానే ఆ బంకమన్ను చక్రములకు పట్టుకొని, కఱ్ఱతో గీకిన కొలది మరల పేరుకొని, మమ్ము అడుగైనను కదలనీయలేదు. రాత్రి అచ్చటనే గడపవలసి వచ్చెను.

“ఈ గీతను ఇట్లే ఉంచుదమా?” అని అడిగితిని.

“ఉంచుదము, కాని వానలో పోరాదని ప్రక్కన వ్రాయవలె. త్రాగునీరైనను దొరకని ఈ చోటికి ఎవరో దీనిని నమ్మి వత్తురు,” అనెను మిత్రుడు.

పటము గీయువాని బాధ్యత ఎంతటిదో ఆ మాటతో నాకు స్పష్టమైనది. మరునాడు నేల ఆరిన పిదప ముందుకు సాగి, ముళ్లతీగల గేటును, దాని ఆవల వరద కోసిన గండిని గుర్తించితిమి. గండికి అవతల దారి కనబడుచున్నను, బండి దాటజాలదు గనుక, మా గీతను ఈవలనే ఆపితిమి.